నార్వే మంచు శిక్షణకు మన ఊళ్ల నుంచి సిద్ధం కావడం ఎలా?

ఆమదాలవలస పిల్ల · శుక్రవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. పోయిన ఏడాది ఎన్‌సీసీ ద్వారా ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలో బేసిక్ కోర్సు చేశాను, ఏ గ్రేడ్ వచ్చింది. గ్లేసియర్ మీద కాళ్లకు క్రాంపాన్లు (బూట్ల కింద బిగించే ఇనుప కోరలు) కట్టుకుని నడిచిన రోజు నుంచి నా ధ్యాసంతా మంచు మీదే.

ఈ మధ్య బ్రిటన్ రాయల్ మెరైన్లు నార్వేలో చేసే చలికాలపు శిక్షణ చూశాను. గడ్డకట్టిన చెరువుకు పెద్ద కన్నం కోసి, వీపున బరువుతో, కాళ్లకు స్కీలతో అందులో దిగుతారు. బరువు వదిలించుకుని, ఊపిరి అదుపులోకి తెచ్చుకుని, గట్టున ఉన్న శిక్షకుడికి తమ వివరాలు స్పష్టంగా చెప్పాకే స్కీ కర్రలు మంచులో గుచ్చి పైకి పాకుతారు. అది చూసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సైనికులతో కలిసి చేయలేనని తెలుసు. కానీ అదే దేశంలో మామూలు జనానికి కూడా మంచుగోడలు ఎక్కడం, ధ్రువయాత్రకు సిద్ధం కావడం నేర్పే కోర్సులు ఉన్నాయి. ఉద్యోగంలో చేరాక డబ్బు కూడబెట్టి వెళ్లాలని ఉంది.

నేను ఉక్కపోతలో పుట్టి పెరిగినదాన్ని. మే నెలలో ఫ్యాన్ కింద పడుకున్నా మా ఇంట్లో పక్క తడిసిపోతుంది. ఇలాంటి ఒళ్లు మైనస్ 30ని తట్టుకుంటుందా? ఇక్కడ ఉంటూ ఏం సాధన చేయాలి? నాన్న మాత్రం "అది మన ఒంటికి పడేది కాదమ్మా" అంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

టెక్కలి మాజీ హవల్దార్ · శుక్రవారం, రాత్రి 10:55

తల్లీ, ముందు మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పు. నేనూ టెక్కలి దగ్గర పల్లెలో పుట్టినవాణ్ణే. సైన్యంలో చేరేదాకా మంచు అంటే ఏంటో చూడలేదు. సియాచిన్ పోస్టులో 90 రోజులు ఉన్నాను. పది వేళ్లతో ఎక్కాను, పది వేళ్లతో దిగాను. మన ఒంటికి పడదన్న మాట నిజమైతే మద్రాస్ రెజిమెంటులో మన జిల్లాల పిల్లలు ఒక్కరూ అక్కడ నిలిచేవాళ్లు కాదు.

పైకి పంపేముందు బేస్ క్యాంపు దగ్గర సియాచిన్ బ్యాటిల్ స్కూల్‌లో మాకు శిక్షణ ఇచ్చారు. మంచుగోడ ఎక్కడం, తాడుకు ఒకరి వెనక ఒకరు కట్టుకుని నడవడం, మంచు పగులులో పడ్డవాణ్ణి పైకి లాగడం. మొదటి రోజే మాకు నేర్పే ఉస్తాద్ ఒక మాట అన్నాడు: "ఇక్కడ చలితో కాదు, చెమటతో చస్తారు." అప్పుడు అర్థం కాలేదు. బరువు మోస్తూ ఎక్కుతుంటే మైనస్ 20లో కూడా చెమట పడుతుంది. ఆగిన వెంటనే లోపలి బనియను తడిగుడ్డలా వీపుకు అంటుకుని ఒంట్లో వేడినంతా లాగేస్తుంది. అందుకే నడక మొదలుపెట్టేటప్పుడు కాస్త వణుకుతూ మొదలుపెట్టాలి. ఒక పొర తీసి సంచిలో పెట్టుకోవాలి, ఆగగానే వేసుకోవాలి. చలికి భయపడి నాలుగు స్వెట్టర్లు తొడుక్కుని బయల్దేరినవాడే ముందు పడిపోతాడు.

నాకు జరిగింది చెప్తాను. ఒకరోజు క్రాంపాన్ పట్టీ వదులైంది. గ్లౌజుతో బకిల్ దొరకడం లేదని కుడిచేతి గ్లౌజు తీశాను. రెండు నిమిషాలు కూడా కాలేదు. చూపుడువేలు, మధ్యవేలు కొవ్వొత్తుల్లా తెల్లబడిపోయాయి. నొప్పి లేదు, అసలు వేళ్లున్నట్టే తెలియలేదు. ఉస్తాద్ పరుగున వచ్చి నా చేతిని తన చంకలో పెట్టుకుని కూర్చున్నాడు. రుద్దనివ్వలేదు. వేడి తిరిగి ఎక్కుతున్నప్పుడు నేను ఏడ్చాను. ఇన్నేళ్లయినా ధనుర్మాసంలో తెల్లవారుజామున ఆ రెండు వేళ్లూ చిమచిమలాడతాయి.

కాబట్టి నీ సాధన రేపే, మీ ఇంట్లోనే మొదలుపెట్టు. రెండు జతల మందపాటి గ్లౌజులు తొడుక్కుని, ఎక్కేటప్పుడు తాడును నడుము పట్టీకి కట్టుకునే ఫిగర్ ఎయిట్ ముడి వేయి. బకిల్ పెట్టు, తియ్యి. తర్వాత కళ్లు మూసుకుని అదే చెయ్యి.

భావనపాడు ఐసు · శనివారం, ఉదయం 6:15

నేను చేపలకు వాడే ఐసు తయారుచేసే ఫ్యాక్టరీలో పదేళ్లుగా పనిచేస్తున్నాను. ఒక సందేహం. ఉప్పునీటి తొట్టిలోంచి డబ్బా పైకి లాగి అప్పుడే తీసిన దిమ్మ మీద కొక్కెం గట్టిగా వేస్తే పెంకులు పెంకులుగా లేచిపోతుంది. కాసేపు బయట ఉంచి, పైన చెమ్మ పట్టాక వేస్తే కొక్కెం చక్కగా దిగుతుంది. మరి మైనస్ 20లో ఐసుగోడకు గొడ్డలి గుచ్చి మనిషి బరువంతా దాని మీద ఎలా వేస్తారు? నాకు భయంగా ఉంది.

బొబ్బిలి నుంచి ట్రోమ్సో · శనివారం, మధ్యాహ్నం 12:30

భావనపాడు అన్నయ్యా, మంచుగోడ ఎక్కడంలో అసలు విషయం మీరు చెప్పేశారు. సరిగ్గా మీ దిమ్మలాగే ఉంటుంది. బాగా చలిలో ఉన్న ఐసు పెళుసు. గొడ్డలి వేస్తే పళ్లెమంత ముక్క లేచి ముఖం మీదికి వస్తుంది. సున్నాకు కాస్త కింద ఉన్న ఐసు మెత్తగా గొడ్డలిని పట్టుకుంటుంది. మరీ కరుగుతుంటే స్తంభం మొత్తం ఊడిపడే ప్రమాదం. అందుకే ఇక్కడివాళ్లు ఎక్కేముందు నాలుగైదు రోజుల ఉష్ణోగ్రత చూసి, గోడ దగ్గరికి వెళ్లి రంగు చూస్తారు. నీలంగా ఉంటే గట్టిది. తెల్లగా ఉంటే లోపల గాలి ఉంది, మీ దిమ్మ నడుమ తెల్లటి చార ఉంటుందే, అలాగన్నమాట.

నేను ఉద్యోగం మీద నార్వే వచ్చాను. తూర్పు కనుమల నీడలో పెరిగినవాణ్ణి కాబట్టి కొండ అంటే బెదురు లేదు, మంచు అంటేనే బెదురు. ర్యూకాన్ అనే ఊళ్లో మొదటిసారి ఎక్కాను. ఇరుకు లోయ. సెప్టెంబరు చివరి నుంచి మార్చి దాకా ఊరి నడిబొడ్డున ఎండ పడదు. 2013లో కొండ మీద పెద్ద అద్దాలు పెట్టి, ఊరి కూడలిలోకి ఎండను మళ్లించుకున్నారు. ఎండ తగలని లోయ కాబట్టే అక్కడి జలపాతాలు గడ్డకట్టి నెలల తరబడి నిలుస్తాయి. యూరప్ నలుమూలల నుంచీ ఎక్కేవాళ్లు వస్తారు.

ఆ లోయకు ఇంకో చరిత్ర ఉంది. ఊరికి దగ్గర్లోనే వేమోర్క్ అనే జలవిద్యుత్ కేంద్రం ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ల అణు పరిశోధనకు కావలసిన భారజలం అక్కడే తయారయ్యేది. 1942 అక్టోబరులో నలుగురు నార్వే సైనికులు పారాషూట్లతో హార్డంగర్ పీఠభూమి మీద దిగి, తిండి అయిపోయాక రాళ్ల మీది నాచు తిని, తర్వాత రెయిన్‌డీర్ల మాంసంతో చలికాలం నెట్టుకొచ్చారు. 1943 ఫిబ్రవరిలో మరికొందరు వచ్చి కలిశారు. వంతెన మీద కాపలా ఉందని, ఎవరూ దాటలేరనుకున్న లోతైన లోయలోకి రాత్రివేళ దిగి, గడ్డకట్టిన నది దాటి, అవతలి గట్టు ఎక్కి కేంద్రంలో బాంబులు పెట్టారు. ఒక్క ప్రాణం పోలేదు. తర్వాత కొందరు స్కీల మీద స్వీడన్ చేరారు. మంచులో సైనిక శిక్షణ ఎందుకని ఇక్కడ ఎవరినడిగినా ముందు ఈ కథే చెప్తారు. గోడ ఎక్కి దిగి, ఆ లోయ అంచున నిలబడితే నాకు కాళ్లు వణికాయి. పగటిపూట, తాడుతో, వేడి కాఫీ ఫ్లాస్కుతో వెళ్లినవాణ్ణి నేను.

చెల్లెమ్మా, ఇంకొకటి. ఈ దేశంలో 2015 నుంచి నిర్బంధ సైనిక సేవ ఆడపిల్లలకు కూడా ఉంది. గడ్డకట్టే చెరువులో దిగేది మగవాళ్లే అనుకోకు.

నాగావళి నర్సు · శనివారం, సాయంత్రం 5:05

చెరువులో దిగే శిక్షణ గురించి చెప్పాలి, ఎవరూ ఇంట్లో టబ్బులో ఐసు పోసుకుని ప్రయత్నించకుండా. "నిండా మునిగినవాడికి చలేమిటి" అని మన సామెత. మంచునీళ్లలో అది తలకిందులవుతుంది. మునిగిన మొదటి నిమిషం ఊపిరి మన చేతిలో ఉండదు. అప్రయత్నంగా ఒక్కసారిగా ఊపిరి లోపలికి లాగేస్తాం. ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే అంతే. ఊపిరి నిలబెట్టుకుంటే తర్వాత సుమారు 10 నిమిషాలు చేతులు పనిచేస్తాయి, ఆ లోపలే పైకి రావాలి. స్పృహ తప్పేంతగా ఒళ్లు చల్లబడడానికి దాదాపు గంట పడుతుంది. అంటే మనుషులు ముందు చలికి కాదు, కంగారుకు పోతారు. పేరు, నంబరు చెప్పించేది అందుకే. స్పష్టంగా మాట్లాడగలిగితే ఊపిరి అదుపులో ఉన్నట్టు. గట్టున తాడు పట్టుకున్న మనుషులు, వేడి గుడారం, డాక్టరు ఉంటారు. గుండె జబ్బు ఉన్నవాళ్లు దీని జోలికే పోకూడదు.

మన ఒంటి సంగతి. వేడికి శరీరం బాగా అలవాటు పడుతుంది, చలికి అంతగా పడదు. చల్లటి నీళ్లలో పెట్టిన వేళ్లలోకి కొంతసేపటికి రక్తం తిరిగి వస్తుంది, మళ్లీ తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. చలిదేశాల వాళ్లలో ఇది చురుగ్గా ఉంటుంది, మనలో తక్కువ. అందుకని వద్దని కాదు. పక్కనున్న నార్వే అమ్మాయి గ్లౌజు తీసిందని నువ్వు తీయకూడదు, అంతే. రోజుకు నాలుగుసార్లు వేళ్లు, ముక్కు, చెవులు చూసుకో. నీ ముఖం నీకు కనపడదు, తోటివాళ్లను చూడమను. గాలి కూడా లెక్కలో వేసుకో. మైనస్ 20లో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే చర్మానికి మైనస్ 33 లాగా తగులుతుంది.

వేళ్లు గడ్డకడితే రుద్దకూడదు, మంట దగ్గర పెట్టకూడదు, హవల్దారు గారి ఉస్తాద్ చేసింది నూటికి నూరు పాళ్లు సరైనది. లోతుగా గడ్డకట్టి, మళ్లీ చలిలో నడవాల్సి వస్తుందని తెలిస్తే కరిగించకపోవడమే మేలు. కరిగాక రెండోసారి గడ్డకడితే వేలు దక్కదు. ఆసుపత్రిలో అయితే 37 నుంచి 39 డిగ్రీల నీళ్లలో పెడతారు.

రాజాం అమ్మ · శనివారం, రాత్రి 8:20

నా కొడుకు సైన్యంలో ఉన్నాడు, ఎక్కడున్నాడో రాయను. 2016 ఫిబ్రవరిలో సియాచిన్‌లో పది మంది మంచు కింద పడిపోయినప్పుడు నేను టీవీ ముందు నుంచి లేవలేదు. ఆరు రోజుల తర్వాత హనుమంతప్ప ప్రాణాలతో దొరికాడంటే ఊరంతా దీపాలు పెట్టాం. ఆయన 11వ తేదీన పోయాడు. 2022 అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపది కా దండా శిఖరం దగ్గర మంచు విరిగిపడి పోయినవాళ్లు యుద్ధానికి వెళ్లలేదు, శిక్షణకు వెళ్లారు. ఈ పాప చదివిన సంస్థ పిల్లలే కదా వాళ్లు.

సైనికుడికి తప్పదు. దేశం పని. ఈ పాపకు తప్పనిది ఏముంది? అందరూ గ్లౌజుల గురించి, తాడు ముడుల గురించి చెప్తున్నారు. వాళ్లమ్మ గురించి ఎవరూ రాయలేదు. తప్పుగా అనుకోవద్దు.

కోరుకొండ పూర్వ విద్యార్థి · ఆదివారం, ఉదయం 7:45

అమ్మా, మీ మాటకు జవాబు చెప్పేంతవాణ్ణి కాదు. మా బడి గురించి చెప్పి ఊరుకుంటాను.

మాది విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూల్. 1962లో మొదలైంది. ఆ బడిలో చదివి సైన్యంలో చేరిన లెఫ్టినెంట్ ఎం. ఉదయభాస్కరరావు 1985 ఎవరెస్టు యాత్రలో చనిపోయారు. ఆయన విగ్రహాన్ని బడిలో నిలిపారు. నెల్లూరు జిల్లా పల్లెటూరి నుంచి వచ్చిన మల్లి మస్తాన్‌బాబు అనే పిల్లవాడు ఆ విగ్రహాన్ని చూస్తూ పెరిగాడు. తర్వాత ఐఐటీ, ఐఐఎం చదివాడు. 2006లో జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్ శిఖరంతో మొదలుపెట్టి జులై 10న అలాస్కాలోని డెనాలీతో ముగించి, 172 రోజుల్లో ఏడు ఖండాల్లోని ఎత్తయిన శిఖరాలు ఎక్కాడు. 2015 మార్చిలో అర్జెంటీనా, చిలీ సరిహద్దులో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా ఎక్కుతూ కనపడకుండా పోయాడు. ఏప్రిల్‌లో దేహం దొరికింది.

ఒక విగ్రహాన్ని చూసి పెరిగిన పిల్లవాడు చివరికి తానే కొండల్లో మిగిలిపోయాడు. ఇది గొప్పదనమని చెప్పడానికి నాకు నోరు రాదు, వాళ్లమ్మగారు గుర్తొస్తారు. తప్పని కూడా చెప్పలేను. 2020 జూన్ 15న గల్వాన్‌లో అమరుడైన కర్నల్ సంతోష్‌బాబు కూడా మా బడి విద్యార్థే. ఎవరికి ఏది తప్పనిదో బయటివాళ్లం తేల్చలేం అనిపిస్తుంది. చెల్లెమ్మకు ఒక్కటే చెప్తాను. ఒంటరిగా వెళ్లకు. ఎంత నేర్చుకున్నాక అయినా సరే.

ఆమదాలవలస పిల్ల · ఆదివారం, ఉదయం 11:10

రాజాం అమ్మగారూ, మీరు రాసింది మా అమ్మకు చదివి వినిపించాను. "ఆవిడ నా మనసులో మాటే రాశారు" అంది. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడుకున్నాం. ఇన్నాళ్లూ నాన్నతో వాదించానే గానీ, అమ్మను ఒక్కసారీ అడగలేదని అప్పుడు తెలిసింది.

నాకు తప్పనిది ఏముందని అడిగారు. గోవాలోని జాతీయ ధ్రువ పరిశోధన కేంద్రం మన శాస్త్రవేత్తలను అంటార్కిటికాలోని మైత్రి, భారతి కేంద్రాలకు పంపుతుంది. వెళ్లేముందు వాళ్లకు ఉత్తరాఖండ్‌లోని ఔలీలో ఐటీబీపీ (భారత-టిబెట్ సరిహద్దు పోలీసు దళం) జవాన్లు మంచు శిక్షణ ఇస్తారు. నేను భూగర్భశాస్త్రం చదువుతున్నాను. ఆ పని నాకు కావాలి. మంచులో నడవడం రాకుండా ఆ పని లేదు. ఇదే నా కారణం, ఇంతకంటే పెద్దది లేదు.

ఇంకో విషయం. ఆన్‌లైన్‌లో ఒక సంస్థ "ఆర్కిటిక్ సైనిక తరహా శిక్షణ, సీట్లు కొన్నే" అని అడ్వాన్సు కట్టమంటోంది. కట్టబోయి ఆగాను.

బొబ్బిలి నుంచి ట్రోమ్సో · ఆదివారం, సాయంత్రం 4:40

ఆగి మంచిపని చేశావు. తొందరపెట్టేవాళ్లకు పైసా కట్టకు. నేర్పే గైడ్లకు అంతర్జాతీయ పర్వత గైడ్ల సమాఖ్య గుర్తింపు ఉందా, ఒక్కో గైడుకు ఎంతమంది, రక్షణ ఏర్పాటు ఏమిటి, బీమాలో హెలికాప్టర్ ఖర్చు ఉందా అని రాతపూర్వకంగా అడుగు. సరైనవాళ్లు అన్నిటికీ ఓపిగ్గా జవాబిస్తారు. "సైనిక తరహా" అన్న మాటకు ఏ విలువా లేదు.

ధ్రువయాత్ర శిక్షణకు ఇక్కడ పేరున్న చోటు ఫిన్సే. సముద్రమట్టానికి 1,222 మీటర్ల ఎత్తున ఉన్న చిన్న రైల్వే స్టేషను, పక్కనే గ్లేసియర్. నేను అక్కడ నాలుగు రోజులు ఉన్నాను. మంచుగోడ ఎక్కడంలో గంటసేపు ప్రాణం గుప్పిట్లో ఉంటుంది. ధ్రువయాత్రలో అలాంటి గంట ఉండదు. ఒకే పనిని నలభై రోజులు పొరపాటు లేకుండా చేయాలి. పుల్క్ అనే బండిని నడుముకు కట్టుకుని రోజంతా లాగడం, గాలిలో గుడారం ఎగిరిపోకుండా ముందు ఒక మూలను బండికి కట్టి తర్వాత మిగతాది నిలబెట్టడం, మంచు కరిగించి నీళ్లు చేసుకోవడం. మొదటి రాత్రి నేను గిన్నె నిండా పొడిమంచు పోసి స్టవ్ మీద పెట్టాను. అడుగు మాడి వాసనొచ్చింది. అడుగున కాసిని నీళ్లు ఉంచుకుని దాని మీద మంచు కొద్దికొద్దిగా వేయాలట. అప్పటికి ఇంధనం సగం దండగైపోయింది.

బ్రిటిష్ సైన్యంలో ఫిజియోథెరపిస్టుగా పనిచేసిన పంజాబీ మూలాల ప్రీత్ చాందీ, 2022 జనవరి 3న ఒంటరిగా దక్షిణ ధ్రువం చేరారు. 40 రోజులు, దాదాపు 1,126 కిలోమీటర్లు, వెనక 90 కిలోల బండి. ఆవిడ సాధనలో పెద్ద భాగం టైర్లు లాగడమే. నీకు కళింగపట్నం ఇసుక ఉంది. ఇసుకలో టైరు లాగడం మంచులో పుల్క్ లాగడానికి దగ్గరగా ఉంటుంది. గంటతో మొదలుపెట్టు. వేగం వద్దు. చెమట పట్టని వేగం కనుక్కోవాలి, మన తీరంలో అది అసాధ్యం కాబట్టి ఆయాసం రాని వేగం కనుక్కో.

టెక్కలి మాజీ హవల్దార్ · ఆదివారం, రాత్రి 9:15

బాబు స్టవ్ గురించి రాశాడు కాబట్టి రెండు మాటలు. గుడారంలో గాలి ఆడే సందు లేకుండా స్టవ్ వెలిగిస్తే వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే పోతారు. మంచు పడుతున్న రాత్రి ఆ సందు మూసుకుపోతుంది, గంటగంటకీ ఒకరు లేచి తవ్వాలి. రెండోది, మైనస్ 30లో పెట్రోలు, కిరోసిన్ లాంటివి గడ్డకట్టవు కానీ అంతే చల్లగా ఉంటాయి. ఒట్టి చేతి మీద ఒలికితే అక్కడికక్కడే చర్మం గడ్డకడుతుంది. ఇంధనం పోసేటప్పుడు గ్లౌజు తప్పనిసరి.

1987 జూన్‌లో నాయబ్ సుబేదార్ బానాసింగ్ 457 మీటర్ల నిలువు మంచుగోడ ఎక్కి శత్రుపోస్టు పట్టుకున్నారు, పరమవీరచక్ర వచ్చింది. కొత్తగా వచ్చిన మాకు ఆయన కథ చెప్పి ఉస్తాద్ అడిగేవాడు: "గోడెక్కింది సరే, ఆయన గ్లౌజులు, సాక్సులు ఎవరు ఆరబెట్టారు?" రాత్రి స్లీపింగ్ బ్యాగులో తడి సాక్సులు పొట్ట మీద పెట్టుకుని ఆరబెట్టుకునేవాళ్లం. ప్రతి రాత్రి. అలసిపోయి ఒక్క రాత్రి మానేసినవాడి కాళ్లు నేను చూశాను, వాటి గురించి ఇక్కడ రాయను.

తల్లీ, ముడి వేశావా?

ఆమదాలవలస పిల్ల · సోమవారం, రాత్రి 8:50

వేశాను తాతగారూ. గ్లౌజులతో మొదటిసారి నాలుగు నిమిషాలు పట్టింది. ఇవాళ నలభై సెకన్లు. కళ్లు మూసుకుంటే ఇంకా రెండుసార్లకు ఒకసారి తప్పు పోతోంది. అమ్మ ఎదురుగా కూర్చుని తప్పు పోయినప్పుడల్లా చెప్తోంది.

లారీ టైరు మరీ బరువని కారు టైరు తెచ్చాను. మావయ్య కన్నం వేసి తాడు కట్టి ఇచ్చాడు. ఆదివారం తెల్లవారుజామున 5 గంటలకు కళింగపట్నం లైట్‌హౌస్ దగ్గర మొదలుపెడతాను.

రాజాం అమ్మ · సోమవారం, రాత్రి 9:30

ఒక్కదానివే వెళ్తున్నావా?

ఆమదాలవలస పిల్ల · సోమవారం, రాత్రి 9:34

లేదమ్మా. నాన్న వస్తానన్నారు.

భావనపాడు ఐసు · మంగళవారం, ఉదయం 6:05

ఆదివారం నాకు సెలవే. నేనూ వస్తాను, మా దగ్గర పాత టైర్లు రెండున్నాయి. దిమ్మ ఒకటి గోనెసంచిలో చుట్టి తెస్తాను. గ్లౌజులతో ఐసు పట్టుకుంటే ఎలా ఉంటుందో చూసుకో.